కొండ మీద ముఖాలు, కొండ కింద కడిగిన ఫొటోలు

డిసెంబరు, జనవరి వచ్చిందంటే లంబసింగిలో తెల్లవారుజామునే ఫోన్లు పైకి లేస్తాయి. నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డెక్కిన కార్లు చెరువులవేనం దారిలో బారులు తీరతాయి. పొగమంచును, మంచు కప్పిన వలిసె చేలను, చలిమంట చుట్టూ చేరినవాళ్లను జనం క్షణాల్లో ఫొటో తీసి, క్షణాల్లోనే ఊరికి పంపించేస్తారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిని స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. పక్కనే ఉన్న చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత ప్రతి శీతాకాలం పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది.

ఇదే కొండల్లో ఒక మనిషి ముఖం కాగితం మీదికి రావాలంటే వందేళ్ల కిందట ఎంత సరంజామా కావలసి వచ్చేదో ఇవాళ ఊహించడం కష్టం. కెమెరా అందులో చిన్న భాగమే. వెలుగు చొరబడని గది, బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్, దాన్ని ఆపే ఆమ్లం, బొమ్మను స్థిరపరిచే హైపో, వాటికి వేర్వేరు ట్రేలు, వేర్వేరు సీసాలు, అన్నిటికీ మించి ధారాళంగా శుభ్రమైన నీళ్లు కావాలి. ఈ రసాయనాలు ఎండకు చెడతాయి, చలికి మొరాయిస్తాయి, గాలి తగిలితే నల్లబడతాయి, కడగని గిన్నెలో పోస్తే పాడవుతాయి. అందుకే ఈ గిరిజన ప్రాంతపు, అంటే విశాఖ ఏజెన్సీ ఫొటోల చరిత్రలో ఒక వింత కనిపిస్తుంది. మనుషులు కొండ మీద, వాళ్ల బొమ్మలు కడిగినది మాత్రం ఎక్కువగా కొండ కింద. ఆ దూరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కెమెరాల కథ చాలదు, సీసాల కథ చూడాలి.

తెలుగు నేల మీద ఆ కథలో అందరికీ తెలియవలసిన రోజు 1868 ఆగస్టు 18. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నాంట్ బృందం గుంటూరులో దూరదర్శిని నిలబెట్టింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ కూడా గుంటూరులోనే ఉన్నాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. తర్వాతి కాలంలో హీలియంగా తేలిన మూలకం కథకు ఆ గ్రహణమే నాంది. జాన్సెన్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. టెన్నాంట్ మనుషులు ఆ కొద్ది నిమిషాల చీకట్లో తీసిన ఆరు ఫొటో ప్లేట్ల సంగతి మన దగ్గర ఎక్కువమందికి తెలియదు.

అది తడి కొలోడియన్ కాలం. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన ఆ పద్ధతిలో గాజు పలకను అప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. గన్‌కాటన్‌ను ఈథర్‌లో, ఆల్కహాల్‌లో కరిగించి, అయొడైడ్ కలిపి, ఆ చిక్కటి ద్రవాన్ని పలక మీద సమంగా పరిచి, వెంటనే సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. పలక తడి ఆరకముందే ఫొటో తీయాలి, ఆరకముందే కడగాలి. అంటే చీకటి గది కెమెరా పక్కనే ఉండి తీరాలి. ఇక ఈథర్ సంగతి. అది 34.6 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరే మరిగిపోతుంది. గుంటూరు ఎండలో బిరడా కొంచెం వదులుగా ఉన్నా సీసా ఖాళీ అవుతుంది, బిగించి నీడ లేనిచోట పెడితే లోపలి ఆవిరి బిరడానే ఎగరగొడుతుంది. పైగా నిప్పురవ్వ చాలు, గుడారం అంటుకుంటుంది. గ్రహణం నాడు పల్చటి మబ్బు అడ్డం పడింది. అయినా ఆ ప్లేట్లలో సూర్యుడి అంచు నుంచి పైకి లేచిన పెద్ద జ్వాల దక్కింది. దానికి 'గ్రేట్ హార్న్' అని పేరు కూడా పెట్టారు.

ఆ కాలపు ఫొటోగ్రాఫర్లకు కంటి మీద కునుకు లేకుండా చేసినది సిల్వర్ నైట్రేట్ తొట్టి. ముంచిన ప్రతి పలకా కొంత ఈథర్‌ను, ఆల్కహాల్‌ను, చేతి మురికిని అందులో వదిలిపెడుతుంది. కొన్నాళ్లకు ప్లేట్ల మీద మరకలు, చుక్కలు, పొగ పట్టినట్టు మసక మొదలవుతాయి. వెండి కనక ఆ ద్రవాన్ని పారబోసే దిక్కు లేదు. దానికి వాళ్లు కనిపెట్టిన మందు ఎండ. ద్రవాన్ని తెల్లగాజు సీసాలో పోసి, ఆమ్లగుణం విరిగేందుకు చిటికెడు సోడా కలిపి, రోజంతా ఎండలో నిలబెడతారు. లోపలి మలినాలు నల్లటి మడ్డిగా అడుగున దిగుతాయి. పైతేటను వడగట్టి, చుక్క నైట్రిక్ ఆమ్లం కలిపి మళ్లీ తొట్టిలో పోసుకుంటారు. ఈథర్‌ను ఎగరగొట్టే ఎండే వెండి నీళ్లను బాగు చేసేది. ఫొటో సరిగా రాని పలకలను కూడా పారేసేవారు కాదు. పొర గీకి, ఆమ్లంలో నానబెట్టి, మెత్తటి పొడితో తోమి, జింకతోలుతో తుడిచి మళ్లీ వాడుకునేవారు. ఆ తరం బొమ్మలు మనకు ఎందుకింత తక్కువ మిగిలాయో అడిగేవారు ఈ అలవాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొన్నిటిని ఫొటోగ్రాఫర్లే కడిగేసుకున్నారు.

రిచర్డ్ లీచ్ మాడక్స్ 1871లో జెలటిన్ పొడి ప్లేటుకు దారి చూపాక తీరు మారింది. ప్లేటు ముందే తయారై పెట్టెలో వస్తుంది, ఫొటో తీశాక వారాల తర్వాతైనా కడుక్కోవచ్చు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టి అంత విస్తారంగా పని చేయగలగడానికి ఈ సౌలభ్యం ఒక కారణం. ఆయన స్టూడియోకు చెందిన 2857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. వందేళ్ల తర్వాత కూడా వాటిలో ముఖాలు నిలిచి ఉన్నాయంటే ఎవరో పేరు తెలియని మనుషులు ఆ ప్లేట్లను హైపో పోయేదాకా ఓపిగ్గా కడిగారన్నమాట. దీన్‌దయాళ్ పేరు అందరం తలుస్తాం. నీళ్లు మార్చినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

పొడి ప్లేటు కొండలకు మాత్రం రెండు వైపులా పదునున్న వరం అయింది. ఫొటో తీసేవాడు ఇక చీకటి గుడారాన్ని కావడిలో మోయించుకు తిరగనక్కర్లేదు. తీసిన ప్లేట్లను పెట్టెలో పెట్టుకుని దిగిపోవచ్చు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్, కె.రంగాచారి తోడ్పాటుతో 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో విశాఖ ఏజెన్సీ గిరిజనుల ప్రస్తావనలు, చిత్రాలు కనిపిస్తాయి. 1940ల్లో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ ఫొటోలు ఇవాళ లండన్‌లోని సోయాస్ భాండాగారంలో ఉన్నాయి. ఎవరి ముఖాలో వాళ్లకు ఒక ప్రతి అయినా అందిందా అంటే, అలా అందించే ఏర్పాటే అప్పట్లో లేదు. కడిగే చోటు దూరమైనప్పుడు బొమ్మ కూడా దూరమే పోయింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

లంబసింగి చుట్టుపక్కల ఊళ్లు ఎన్నటికీ మరవని ఫొటో ఒకటి ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం తిరుగుబాటు 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరి సీతారామరాజును కాల్చి చంపడంతో ముగింపుకొచ్చింది. రాజు భౌతికకాయాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చారు. మంచానికి కట్టి ఉన్న ఆ దేహం ఫొటో పుస్తకాల్లో నేటికీ కనిపిస్తుంది. చనిపోయింది రాజేనని లోకానికి చూపాలన్నది ప్రభుత్వ అవసరం. మే నెల మన్యం ఎండలో ఆ నెగటివ్‌ను ఎవరో చల్లటి నీళ్లు వెతికి కడిగి ఉండాలి. జెలటిన్ పొర వేడినీటికి ఉబ్బి, మెత్తబడి, అంచుల దగ్గర ఊడిపోతుంది. ఆ పని సరిగా జరగబట్టే ఒక తరం చూసిన దుఃఖం మనదాకా చేరింది.

ఇక కొండ కింది సంగతి. నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖపట్నం లాంటి ఊళ్లలో స్టూడియోలు పెరిగేకొద్దీ ఏజెన్సీ వాళ్లు కూడా పెళ్లి ఫొటోకో, సర్కారు కాగితాలకు అతికించే పాస్‌పోర్ట్ ఫొటోకో అక్కడికే దిగేవారు. ముందు గదిలో రంగుల తెర, స్టూలు, లైట్లు. వెనక తలుపుకు దుప్పటి, లోపల ఎర్ర బల్బు. ఆ వెనక గదిలో ఏ పని ఎలా చేయాలన్నది పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లు తక్కువ, గురువు చేతి కింద ట్రేలు కడుగుతూ నేర్చుకున్నవాళ్లు ఎక్కువ.

నేర్చుకోవలసిన మొదటి పాఠం కలపడం. కొడాక్ 1927లో తెచ్చిన డి-76 ఫిల్ము డెవలపర్ సూత్రం ఎందరికో కంఠతా ఉండేది. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. నీళ్లు 50 డిగ్రీల పైచిలుకు వేడిగా ఉండాలి. వరస తప్పకూడదు. సల్ఫైట్ ముందు వేస్తే ఆ ఉప్పునీళ్లలో మెటాల్ కరగనంటుంది. చక్కగా కలిపిన డెవలపర్‌ను నిండా పోసి, గట్టిగా మూత పెడితే ఆరు నెలలు నిలుస్తుంది. అదే సీసా సగం ఖాళీగా ఉంటే రెండు నెలలే. లోపలి గాలే దాని శత్రువు.

అందుకే డార్క్‌రూమ్‌లో గోళీలు ఉండేవి. పిల్లలు ఆడుకునే గాజు గోళీలే. డెవలపర్ వాడిన కొద్దీ సీసాలో మట్టం తగ్గుతుంది. శుభ్రంగా కడిగిన గోళీలను ఒక్కొక్కటే జారవిడిస్తే ద్రవం మళ్లీ మెడ దాకా లేస్తుంది, గాలికి చోటుండదు. సీసా గోధుమరంగుదైతే మేలు, బీరు సీసాలు ఆ పనికి బాగా పనికొచ్చేవి. ఈ పొదుపులో ప్రమాదం కూడా ఉంది. తాగే సీసాలో విషం పోసి పెట్టినప్పుడు పేరు రాసి అతికించకపోతే, దాహంతో వచ్చిన పిల్లాడికి తేడా ఏం తెలుస్తుంది? బాధ్యత తెలిసినవాళ్లు పాత లేబుల్ పూర్తిగా గీకేసి, పేరూ కలిపిన తేదీ రాసి, అందని ఎత్తులో తాళం వేసి పెట్టేవారు.

రెండో పాఠం గిన్నెలు. వంటింటి ఇత్తడి, రాగి పాత్రలు ఇక్కడ పనికిరావు. రాగి గాని తగరం గాని రవ్వంత కరిగినా ఫిల్ము మీద పొగ కమ్ముతుంది. గాజు, పింగాణీ, ఎనామిల్, తర్వాత తర్వాత ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు. ఎనామిల్ ట్రే ఒకచోట పెచ్చు లేచిందంటే దాన్ని పక్కన పెట్టాల్సిందే, అక్కడి నుంచి తుప్పు దిగుతుంది. బూడిదతోనో ఇసుకతోనో తోమితే ట్రే మెరుస్తుంది కాని దాని ఒంటి నిండా సన్నటి గీతలు పడతాయి. ఆ గీతల్లో పాత డెవలపర్ నక్కి కూర్చుంటుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. హైపో ముట్టిన చెయ్యి, పటకారు, కొలతగ్లాసు ఏదీ డెవలపర్ వైపు పోకూడదు. డెవలపర్‌లో హైపో బొట్లు పడితే ఆ పూట పనంతా మసకే. ట్రేలకు రంగు గుర్తులు పెట్టుకోవడం, డెవలపర్ ట్రే ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంచడం, డెవలపర్ గరాటు హైపోకు వాడకపోవడం లాంటి పట్టింపులన్నీ ఇందుకే. చీకట్లో చెయ్యి తడుముకుంటూ పని చేసేవాడికి వస్తువు చోటు మారకపోవడమే కన్ను.

ఎంత కడిగినా కొన్నాళ్లకు డెవలపర్ ట్రేకు, సీసాకు గోధుమరంగు మరక పడుతుంది. నల్లటి వెండి పొర పట్టేది కూడా ఉంది. దాన్ని వదిలించడానికి లీటరు నీళ్లలో 2 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ కరిగించి, 4 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం నెమ్మదిగా కలిపేవారు. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోస్తే చిమ్మి ఒళ్లు కాలుతుంది. ఊదారంగు ద్రవం ట్రేలో తిరుగుతుంటే మరక కరిగి, దాని బదులు పర్మాంగనేట్ తాలూకు గోధుమ ఛాయ మిగులుతుంది. దాని మీద సోడియం బైసల్ఫైట్ ద్రావణం పోయగానే కళ్ల ముందే ఆ ఛాయ మాయమై, ట్రే తెల్లగా తేలుతుంది. ఆ తర్వాత నీళ్లు, మళ్లీ నీళ్లు, మళ్లీ నీళ్లు. బావినీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్న ఊళ్లలో ట్రేలకు తెల్లటి సున్నపు పొర కూడా పట్టేది. దానికి పల్చటి ఎసిటిక్ ఆమ్లం చాలు.

ఇంతకన్నా తీవ్రమైన మందు డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమం. నారింజరంగులో ఉండే ఆ ద్రవం ఏ మరకనైనా తీసేస్తుంది. అయితే ఆ క్రోమియం క్యాన్సర్ కారకం, చర్మం మీద పుళ్లు తెస్తుంది. పాత పుస్తకాలు దాన్ని తేలిగ్గా చెప్పి వదిలేశాయి. ఇవాళ ఎవరూ దాని జోలికి పోకపోవడమే సరైనది. మెటాల్ కూడా కొందరి చేతులకు పడదు, దురద, పగుళ్లు తెస్తుంది. డార్క్‌రూమ్‌లో చేతులు అరిగించుకున్న కుర్రాళ్లకు తొడుగులు ఇచ్చిన యజమానులు ఎందరో తెలియదు కాని, ఇవ్వవలసిందని మాత్రం చెప్పక తప్పదు.

మైదానం ఎండ ఈ పనికి ఎప్పుడూ పరీక్షే. డెవలపర్‌కు తగిన ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. కోస్తాలో వేసవి కుళాయి నీళ్లు 30 దాటుతాయి. ఐసు ముక్కలు సీసాలో వేసి మూతపెట్టి, ఆ సీసాను ట్రేలో నిలబెట్టడం ఒక ఉపాయం, ఐసు నేరుగా వేస్తే డెవలపర్ పల్చబడుతుంది. తడిగోనె చుట్టిన కుండనీళ్లు, తెల్లవారుజామున పని, డెవలపర్‌లో సోడియం సల్ఫేట్, ఆపై పొరను గట్టిపరిచే క్రోమ్ ఆలం ఇంకొన్ని ఉపాయాలు. హైపో కూడా వేడికి నిలవదు. ఆమ్లం ఎక్కువైనా, ఎండ తగిలే చోట పెట్టినా గంధకం విరిగి పాలలా తెల్లబడుతుంది. అలాంటి దాన్ని పారబోసి, సీసా అడుగున పట్టిన గంధకపు పొరను బ్రష్షుతో తోమాకే కొత్తది పోయాలి.

మరి అదే సరంజామా ఘాట్ ఎక్కి లంబసింగి చేరితే? ఎండ బాధ పోతుంది, చలి బాధ మొదలవుతుంది. డెవలపర్‌ను ఆపడానికి వాడే గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. జనవరి ఉదయం ఇక్కడ అది సీసాలో మంచుగడ్డలా కనిపిస్తుంది. సగం గడ్డకట్టిన సీసా నుంచి పైద్రవం ఒంపుకుంటే కొలత తప్పుతుంది, పూర్తిగా కరిగించి కదిపాకే పోయాలి. ముందే మూడు వంతుల ఆమ్లానికి ఎనిమిది వంతుల నీళ్లు కలిపి 28 శాతంగా ఉంచుకుంటే ఈ బెడద ఉండదు. హైడ్రోక్వినోన్ 12, 13 డిగ్రీల కిందికి దిగితే దాదాపు నిద్రపోతుంది. నెగటివ్ పల్చగా, జీవం లేకుండా వస్తుంది. చిక్కటి డెవలపర్‌లో స్ఫటికాలు అడుగు పడతాయి. హైపో పలుకులు కరిగేటప్పుడు నీటి వేడిని తామే లాగేసుకుంటాయి కనక, చన్నీళ్లలో 240 గ్రాములు వేసి కలిపితే గిన్నె చేతికి జివ్వుమంటుంది, కరగడం ఆగిపోతుంది. ఆ చలిలో కడగడం కూడా నెమ్మదే, హైపో పొర నుంచి బయటికి రావడానికి రెట్టింపు సేపు పడుతుంది. అంటే కొండ మీద డార్క్‌రూమ్‌కు కావలసింది ఐసు కాదు, పొయ్యి.

చల్లటి కొండలంటే ఫొటో పరిశ్రమకు ఇష్టం లేకపోలేదు. 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం ఊటీలో పెట్టారు, 1967లో ఉత్పత్తి మొదలైంది. దాని 'ఇందు' పేరున్న ఫిల్ము, కాగితం, ఎక్స్‌రే ఫిల్ములు తెలుగు ఊళ్ల స్టూడియోలకు, ఆసుపత్రులకు చేరాయి. ఊటీకి రైలు, కరెంటు, ఊరు అన్నీ ఉన్నాయి. చింతపల్లి కొండలకు దారులే ఆలస్యంగా వచ్చాయి. కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' సినిమా చాలా భాగం చింతపల్లి ప్రాంతంలో తీశారు, 1974 మే 1న విడుదలైంది. అప్పటి తెలుగు రంగుల చిత్రాల నెగటివ్‌లకు దిక్కు మద్రాసు ల్యాబులే. మన్యం వీరుడి కథ మన్యంలోనే తీసినా, ఆ బొమ్మలు కూడా డబ్బాల్లో కొండ దిగి పోయినవే.

రంగుల ఫిల్ము వచ్చాక ఊరి డార్క్‌రూమ్ పని కూడా తగ్గింది. 1972లో వచ్చిన సి-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీలుండాలి, మూడుంపావు నిమిషాలు, అర డిగ్రీ తేడా కూడా పనికిరాదు. చేత్తో అది కుదరక రీళ్లు పట్నం ల్యాబులకు పోయాయి. ఆ తర్వాత డిజిటల్ కెమెరా ఆ ల్యాబులను కూడా మూయించింది. నలుపు తెలుపు పని చివరిదాకా నిలిచినది ఆసుపత్రుల ఎక్స్‌రే గదుల్లో. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది కనక కొనుక్కుపోయేవాళ్లు ఉండేవారు, పాత ఎక్స్‌రే ఫిల్ములకూ గిరాకీ ఉండేది. వెండి తీశాక మిగిలిన నీళ్లు ఎక్కడికి పోయేవన్నది అడిగినవారు తక్కువ.

ఇంకా కొన్ని ఊళ్లలో మూతపడ్డ స్టూడియోల అటకల మీద ఆ సీసాలు, ట్రేలు, నెగటివ్ పెట్టెలు ఉన్నాయి. వాటి వారసులకు ఒక విజ్ఞప్తి. పేరు చెరిగిపోయిన సీసా మూత తీసి వాసన చూడకండి, ఒకదానిలో ఒకటి కలపకండి, గెడ్డలో గాని కాలువలో గాని పారబోయకండి. నారింజరంగు ద్రవం, పలుకులు కనిపిస్తే చేత్తో ముట్టకండి, దగ్గరలోని కాలేజీ కెమిస్ట్రీ విభాగాన్నో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయాన్నో అడగండి. నెగటివ్‌లను మాత్రం చిత్తుకు అమ్మకండి. ఒక్కొక్కటీ కాగితపు కవరులో పెట్టి, తెలిసినంతవరకు ఊరు, ఏడాది రాసి, పొడిగా, చల్లగా ఉన్నచోట నిలబెట్టండి. వాటిలో ఏజెన్సీ నుంచి దిగివచ్చి స్టూలు మీద కూర్చున్న ముఖాలు ఉండవచ్చు. స్కాన్ చేయించి ఆ ప్రతులను చింతపల్లి, లంబసింగి, తాజంగి బడులకు పంపితే, ఆ ముఖాలు తిరిగి కొండెక్కుతాయి.